ఇంకో పది అడుగులు

2024 జూన్ 11వ తేదీ ఉదయం మా కార్యాలయం మెట్లు ఎక్కుతుండగా మూడో మెట్టు మీద నా కుడికాలు మొరాయించింది. ఎడమకాలు మొరాయించడం నాకు కొత్త కాదు. పద్నాలుగు నెలల వయసులో పోలియో వచ్చినప్పటి నుంచి అది కాలిపర్ (కాలికి పట్టీలతో బిగించే ఊతచట్రం) ఆసరాతోనే నిలబడుతోంది. కుడికాలు అలా కాదు. యాభై ఏడేళ్లుగా నా బరువంతా మోసుకొచ్చిన కాలు అది. ఇంట్లో అందరం దాన్ని ‘మంచికాలు’ అనే అనుకునేవాళ్లం. ఆ రోజు అది మెట్టు మీదికి వెళ్లింది, ఆనింది, బరువు వేసేసరికి మోకాలు తడిసిన అట్టలా వంగిపోయింది. పక్కనున్న కమ్మీ చేతికి అందబట్టి పడలేదు. వెనక వస్తున్న సహోద్యోగి ‘కాలు జారిందా అండీ’ అని అడిగితే అవునన్నాను. జారలేదని నాకు తెలుసు.

నిజానికి అంతకు ఏడాదిన్నర ముందు నుంచే ఏదో తేడా కనిపిస్తూ వచ్చింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లంతా ఇసుక నింపినట్టు బరువెక్కేది, ఎండాకాలంలో కూడా ఎడమపాదం చల్లబడి ఊదారంగుకు తిరిగేది, పొద్దున లేవగానే తల పగిలిపోయేది. ఇవన్నీ వయసుకు జమకట్టేశాను. వయసు అనే ఖాతా చాలా సౌకర్యమైనది, అందులో ఏదైనా వేసేయవచ్చు.

జూన్ 14న మొదటి వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా వయసు ఖాతాలోనే వేశారు. బరువు కాస్త తగ్గించుకోమని, రోజూ అరగంట నడవమని చెప్పి ఎనిమిది నిమిషాల్లో పంపించేశారు. పోలియో సంగతి నేనే చెప్పాను. ‘అది ఎప్పుడో పోయింది కదమ్మా’ అన్నారు. నేను అరగంట కాదు, నలభై నిమిషాలు నడిచాను. నన్ను పెంచిన పద్ధతి అటువంటిది. చిన్నప్పుడు కాలిపర్ పట్టీలు ఒరుసుకుని తొడ మీద బొబ్బలు లేచి ఏడుస్తుంటే మా అమ్మ నాలుగడుగుల దూరంలో చేతులు చాచి కూర్చుని, ‘ఇంకో పది అడుగులు వెయ్యి తల్లీ’ అనేది. ఆ పదీ వేశాక మరో పది. ఆమె అలా వేయించకపోతే నేను బడికి వెళ్లేదాన్ని కాదు, ఉద్యోగం చేసేదాన్ని కాదు. అందుకే ఇప్పుడు కూడా నొప్పి వచ్చిన చోట ఆగలేదు, అక్కడి నుంచి మరో పది వేశాను. ఆరు వారాలు గడిచేసరికి, అంటే జూలై ఆఖరుకి, ఇంటి నుంచి వీధి మలుపు దాకా వెళ్లి రావడానికి రెండు చోట్ల కూర్చోవలసి వచ్చింది. తల దువ్వుకోవడానికి మోచేతిని బల్ల మీద ఆన్చవలసి వచ్చింది.

ఆ తరువాత ఎముకల వైద్యుడు. ఎక్స్‌రేలో మోకాలు అరిగినట్టు కనిపించింది, అది నిజమే, కానీ అరుగుదల ఒక్కటే ఇంత బలహీనతకు కారణం కాకపోవచ్చని ఆయనకే అనుమానం వచ్చింది. ఆగస్టు 8న నరాల వైద్యురాలికి రాసిచ్చారు. ఆమెను కలవడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో నేను చేసిన తెలివైన పని ఒకటే ఉంది. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఏడాది కిందట చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పనులు ఒకవైపు, వాటికి బదులు ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నానో రెండోవైపు రాసుకున్నాను. సీసా మూత తిప్పడం, మంచం మీద పక్కకు ఒత్తిగిల్లడం, ఫోను చెవి దగ్గర పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడటం, ఇలా ఇరవై మూడు పనులు తేలాయి. ‘నీరసంగా ఉంటోంది’ అని చెబితే ఏ వైద్యుడూ కలం తీయలేదు గాని, ఆ కాగితాన్ని మాత్రం అందరూ జిరాక్సు తీసి దస్త్రంలో పెట్టుకున్నారు.

అక్టోబరు 24న ఆ వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న మోకాలి గురించి కాదు. ‘పోలియో వచ్చినప్పుడు ఏయే అవయవాలు పడిపోయాయి, ఏవి ఎప్పుడు తిరిగి వచ్చాయి?’ అని అడిగారు. అది నాకు గుర్తుండే వయసు కాదు. అక్కడి నుంచే అమ్మకు ఫోను చేశాము. ‘మొదట మెడ కూడా నిలబెట్టలేదు, రెండు చేతులూ రెండు కాళ్లూ పడిపోయాయి, చేతులు రెండు నెలలకు వచ్చాయి, కుడికాలు ఆరు నెలలకు వచ్చింది’ అని అమ్మ చెప్పింది. యాభై ఎనిమిదేళ్లు బతికినా నాకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసిన కథలో పోలియో ఎడమకాలికి మాత్రమే వచ్చింది.

ఆవిడ అనుమానం పోలియో అనంతర లక్షణాల సముదాయం (పోస్ట్ పోలియో సిండ్రోమ్), అంటే పోలియో నుంచి కోలుకున్న ఎన్నో ఏళ్లకు కొత్తగా మొదలయ్యే బలహీనత. దాన్ని నిర్ధారించడానికి ఒక్క పరీక్ష అంటూ లేదట. పోలియో వచ్చి కోలుకున్నాక కనీసం పదిహేనేళ్లు నిలకడగా ఉండాలి, ఆ తరువాత కొత్త బలహీనత మొదలై ఏడాదికి పైగా కొనసాగాలి, దానికి వేరే కారణం ఏదీ ఉండకూడదు. ఆ ‘వేరే కారణాలు’ ఒక్కొక్కటే తీసేయడానికే డబ్బూ కాలమూ ఖర్చయ్యాయి. థైరాయిడ్, బి12, కండరాలు దెబ్బతింటే పెరిగే సి.కె. వంటి రక్తపరీక్షలు, వెన్నెముకకు ఎం.ఆర్.ఐ., ఆ పైన నవంబరు 14న కండరాల విద్యుత్ పరీక్ష. మొత్తం మీద నా నెలన్నర జీతం అయింది, అందులో సగానికి పైగా ఎం.ఆర్.ఐ. ఒక్కదానికే పోయింది.

కండరాల విద్యుత్ పరీక్ష గురించి ఎవరూ ముందుగా నాకు చెప్పనిది ఒకటుంది: అందులో మన కండరం మనకు వినిపిస్తుంది. సన్నటి సూదిని కండరంలోకి దించి, ఆ భాగాన్ని మెల్లగా బిగించమంటారు. ఆ విద్యుత్తును యంత్రం శబ్దంగా మార్చి వినిపిస్తుంది. నొప్పి భరించదగినదే, తొడలో కాస్త ఎక్కువ. పరీక్ష చేసే ఆయన తన సొంత ముంజేతికి యంత్రాన్ని తగిలించుకుని, ఆరోగ్యమైన కండరం ఎలా ఉంటుందో వినిపించారు. రేకు మీద చిరుజల్లు పడుతున్నట్టుంది. నా ఎడమ తొడలో దాదాపు నిశ్శబ్దం, అది ఊహించినదే. కుడి తొడలో సూది పెట్టి బిగించమన్నప్పుడు మాత్రం జల్లు పడలేదు. దూరదూరంగా, ఒక్కొక్కటిగా, ఎవరో తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు వినిపించింది. తెర మీద గీతలు కూడా పైఅంచు దాటి పోతున్నాయి. ‘ఇంత పెద్దగా ఉన్నాయంటే బలంగా ఉన్నట్టేనా?’ అని ఆశగా అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా, ఆ విషయం డాక్టరుగారు వివరిస్తారని కుడిచేతికి సూది మార్చారు. అక్కడా అదే శబ్దం.

డిసెంబరు 3న వివరించారు. పోలియో వైరసు వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలను చంపేస్తుంది. బతికి బట్టకట్టిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా మిగిలిపోయిన కండరపోగులను కూడా తమ పోషణలోకి తీసుకుంటాయి. అలా ఒక్కో కణం మామూలుగా చూసుకోవలసిన పోగులకు ఎన్నో రెట్లు ఎక్కువ చూసుకుంటూ వస్తుంది. ఆ కొమ్మలు దశాబ్దాల తరువాత ఒక్కొక్కటే ఎండిపోవడం మొదలవుతుంది. నా మంచికాలు ఏనాడూ మంచికాలు కాదు, పది మంది పనిని ముగ్గురు చేస్తూ వచ్చిన కాలు. వైరసు తిరిగి రాలేదు, ఇంట్లో ఎవరికీ అంటుకోదు, ప్రాణాపాయం సాధారణంగా ఉండదు, పోయిన బలం మాత్రం చాలావరకు పోయినట్టే, మందు లేదు. ఇన్ని మాటలు ఆవిడ నెమ్మదిగా, రెండుసార్లు చెప్పారు. ‘నేను అంతగా నడవడం వల్లే ఇలా అయిందా?’ అని అడిగాను. అలా అని ఎవరూ కచ్చితంగా చెప్పలేరని, ఇకమీదట అలసిపోయే దాకా మాత్రం నడవవద్దని అన్నారు.

ఆ జవాబులోని మొదటి సగం నాకు వినిపించలేదు. తొమ్మిది రోజులు అమ్మకు ఫోను చేయలేదు. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి మీద, నన్ను నడిపించినందుకు, కోపం తెచ్చుకున్నాను. అది అన్యాయమని తెలుసు, తెలిసినా తగ్గలేదు. పదోరోజున ఆమే ఫోను చేసి, ఆ వైద్యురాలు ఏమన్నదని అడిగితే, నరాలు కాస్త అలిసిపోయాయన్నదని చెప్పి ఊరుకున్నాను.

డిసెంబరు 16 నుంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారానికి ఒకసారి వెళ్లాను. వ్యాయామం నేర్పుతారనుకుంటే ఆమె మొదటి మూడు వారాలు నా చేత లెక్కలు రాయించారు. రోజును అరగంట ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ఏం చేశాను, తరువాత పదికి ఎంత అలసట, మరుసటి ఉదయం ఎంత అన్నది రాయాలి. ఆ చివరి అంకెలోనే అంతా ఉందట. రాత్రి నిద్రతో తీరని అలసట ఉంటే, ముందురోజు శక్తికి మించి చేసినట్టే. నా పుస్తకంలో మంగళవారాల తరువాత వచ్చే బుధవారాలన్నీ ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నాయి. మంగళవారం మా విభాగం సమావేశం రెండో అంతస్తులో. నేను ఆ సమావేశాన్ని కిందికి మార్చమని పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగిన మరుసటి వారమే మార్చారు. అంత తేలికగా మార్చినందుకు నాకు సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువ కలిగింది.

వ్యాయామం పూర్తిగా మానేయడమూ తప్పేనని ఆమె చెప్పారు. మంచం పట్టిన కండరం మరింత త్వరగా కరిగిపోతుంది. కాబట్టి నొప్పీ అలసటా మొదలు కాకముందే ఆగిపోయే చిన్నచిన్న కదలికలు, మధ్యలో విశ్రాంతి, నీళ్లలో చేసేవి మేలు. నాలుగుసార్లు చేయగలిగితే మూడుసార్లకే ఆపాలి. ఆ మిగిలిన ఒక్కసారిని వదిలేయడం నాకు ఇప్పటికీ దొంగతనంలా అనిపిస్తుంది.

పొద్దుటి తలనొప్పి గురించి నేను చెప్పలేదు, ఆమె అడిగారు. జనవరి 9న ఊపిరితిత్తుల పరీక్ష చేయించారు. కూర్చోబెట్టి గొట్టంలోకి ఊదించారు, తరువాత పడుకోబెట్టి ఊదించారు. పడుకున్నప్పుడు నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఊపిరి తీసే కండరాలకు కూడా పోలియో దెబ్బ ఉంటుందని, వంకర తిరిగిన వెన్నెముక దానికి తోడవుతుందని, నిద్రలో ఊపిరి చాలక బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడం వల్ల ఆ తలనొప్పి వస్తుండవచ్చని అప్పుడు తెలిసింది. నిద్రపరీక్షకు ఏడు వారాలు ఆగాను. ఫిబ్రవరి 27 రాత్రి తలనిండా తీగలు అంటించుకుని పరాయి మంచం మీద పడుకుంటే నిద్రెక్కడ వస్తుందని అనుకున్నాను గాని, వచ్చింది, కావలసినంత సమాచారమూ వచ్చింది. మార్చి 18న బైపాప్ యంత్రం, అంటే నిద్రలో మాస్కు గుండా గాలి తోసి ఊపిరికి సాయపడేది, ఇంటికి తెచ్చుకున్నాము. నా రెండు నెలల జీతం, అందులో సగం బీమా వారు తిరిగి ఇచ్చారు. మొదటి పదకొండు రాత్రులు నరకం: మాస్కు ముక్కు మీద పుండు చేసింది, గాలి కళ్లలోకి కొట్టింది, మా ఆయన పక్కగదిలోకి మారారు. కొలత చిన్నదైన మరో మాస్కు ఇచ్చాక సర్దుకుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ, తలనొప్పి లేదన్న సంగతి గమనించాను. ఇంత అలసటలో కొంత భాగం తీర్చగలిగినదే అయి ఉండి, రెండేళ్ల పాటు ఎవరూ, నాతో సహా, దాని గురించి అడగలేదు. ఇదే సమస్య ఉన్నవారికి ఒక మాట: ఇటువంటి స్థితిలో యంత్రం లేకుండా ఊరికే ఆక్సిజన్ పెడితే బొగ్గుపులుసు వాయువు మరింత పేరుకునే ప్రమాదం ఉందని, అత్యవసరంగా చేరవలసి వస్తే ఆ సంగతి ముందే చెప్పమని నాకు చీటీ రాసిచ్చారు. మత్తుమందు ఇచ్చే వైద్యులకు పోలియో సంగతి తప్పకుండా చెప్పాలన్నది కూడా ఆ చీటీలోనే ఉంది. అది నా పర్సులోనే ఉంటుంది.

ఇక చక్రాల కుర్చీ. జనవరి చివరిలో మా ఆయన తొందరపడి, కాదు, ఇద్దరం తొందరపడి, దుకాణంలో సిద్ధంగా ఉన్నదాన్ని నెల జీతంలో మూడో వంతు పెట్టి కొనేశాము. అది ఆసుపత్రి వరండాల్లో రోగులను తోసుకెళ్లే రకం. ఇంచుమించు పద్దెనిమిది కిలోలు, ఇద్దరు నాలాంటివాళ్లు కూర్చునేంత వెడల్పు. చక్రాలు అందాలంటే మోచేతులు రెక్కల్లా చాచాలి. రెండు వారాలకే కుడిభుజం ఎత్తలేకపోయాను. కాలిని కాపాడుకోబోయి భుజాన్ని పోగొట్టుకుంటున్నానని ఫిజియోథెరపిస్టు కోప్పడి, కుర్చీలను కొలతకు అమర్చే విభాగానికి ఫిబ్రవరి 10న రాసిచ్చారు. పద్నాలుగు వారాల నిరీక్షణ.

మే 19న అక్కడి చికిత్సకుడు నన్ను దర్జీలా కొలిచారు: తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా, మోచేయి ఎత్తు. కూర్చునే పలక అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలట. ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి తెలుస్తుందా అని అడిగారు. పోలియోలో కదలిక పోతుంది గాని స్పర్శ పోదు కనుక నాకు అన్నీ తెలుస్తాయి, ఒరుసుకుపోయే కుట్టుతో సహా. అయినా మెత్త సరిగా ఉండాలన్నారు. నేను తేలికైన, చేతులతో తిప్పుకునే కుర్చీ కావాలన్నాను. కాళ్లు ఎలాగూ లేవు, చేతులతోనైనా నన్ను నేను నడుపుకుంటానన్నది నా పట్టు. ఆయన నా దస్త్రం తిరగేసి, కండరాల పరీక్ష కాగితం బల్ల మీద పెట్టి, కుడిచేతి దగ్గర వేలు ఉంచారు. ‘ఇవి కూడా పోలియో చేతులే అండీ. వీటిని రాయడానికి, తినడానికి దాచుకోండి’ అన్నారు. మోటారు కుర్చీకి అప్పుడు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక బాత్రూముకు వెళ్లి పది నిమిషాలు ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఆయన కొలతల కాగితం నింపుతూ, ఏ రంగు కావాలని అడిగారు.

దాని వెల నాలుగు నెలల జీతం. బీమా వారు అది వైద్యపరికరం కిందికి రాదని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కొంత ఇచ్చారు. అంతకుముందే వైకల్య ధ్రువపత్రం తిరగరాయించుకోవలసి వచ్చింది, ఎందుకంటే పాతదానిలో ఎడమకాలు ఒక్కటే ఉంది. ఏప్రిల్ 24న పరీక్షించిన అధికారి ‘ఇంతకాలం నడిచారు కదా’ అన్నారు. ఆ రోజు నేను ఒక పొరపాటు చేశాను. మంచి బట్టలు కట్టుకుని, ముందురోజంతా విశ్రాంతి తీసుకుని, చెక్కుచెదరకుండా గదిలోకి నడిచి వెళ్లి, అడిగిన ప్రతిదానికీ ‘చేయగలను’ అన్నాను. జీవితమంతా సాధన చేసిన జవాబు అది. ‘ఒకసారి చేయగలరా, రోజుకు పదిసార్లు చేయగలరా, మరుసటిరోజు ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నలు వాళ్లు అడగరు, మనమే చెప్పుకోవాలి. బయటికి వచ్చి అరుగు మీద గంటసేపు లేవలేకపోయాను. దాన్ని ఎవరూ చూడలేదు. నా లెక్కల పుస్తకం ప్రతులు జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాక, ఆగస్టులో సరైన పత్రం వచ్చింది.

ఇంటి కొలతలు కుర్చీ రాకముందే చూసుకోవడం మంచిది. వాకిలి గడప బయటి నేల నుంచి పదిహేను సెంటీమీటర్ల ఎత్తు. ఒకటికి పన్నెండు వాలు చొప్పున దానికి నూట ఎనభై సెంటీమీటర్ల పొడవు వాలుబల్ల కావాలి. బల్ల సంగతి తేలికగానే తేలింది. బాత్రూము తలుపు దగ్గర నాలుగు సెంటీమీటర్లు తక్కువ పడ్డాయి. గోడ పగలగొట్టాలేమోనని వారం రోజులు దిగులుపడ్డాము. వడ్రంగి వచ్చి చూసి, తలుపు పూర్తిగా తెరిచినా రెక్క మందమే దారికి అడ్డం వస్తోందని చూపించాడు. రెక్కను దారి లోంచి పక్కకు తప్పించే కీళ్లు బిగించి అరపూటలో పని ముగించాడు. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయిన పని అదే.

2025 జూలై 8న కుర్చీ వచ్చింది. మూడో మెట్టు రోజు నుంచి లెక్కపెడితే 392 రోజులు. కాలిపర్‌ను తీసేయలేదు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూములోకి, రోజుకు నలభై యాభై అడుగులు దానితో వేస్తాను. మిగతాది కుర్చీ మీద. సాయంత్రం ఇంటికి వచ్చాక నాలో ఇంకా కొంత మనిషి మిగిలి ఉంటోంది. ఆగస్టులో మా అబ్బాయితో రాత్రి పది దాటే వరకు కబుర్లు చెప్పాను. ‘నువ్వు ఇంతసేపు మెలకువగా ఉండటం ఎప్పుడు చూశానో గుర్తు లేదమ్మా’ అన్నాడు వాడు.

అమ్మ జూలై ఆఖరున వచ్చింది. ఆమె ఇప్పుడు గోడలు పట్టుకుని నడుస్తోంది, చేతికర్ర ఇస్తే ముసలివాళ్లకని పక్కన పెట్టేస్తోంది. వాకిట్లో నన్ను కుర్చీలో చూసి ఏమీ అనలేదు. లోపలికి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, చాలాసేపు చక్రాల వంక చూసింది. ఎందుకు నడవడం లేదని అడుగుతుందని నేను జవాబులు పేర్చుకుంటున్నాను. ‘దీనికి బ్రేకు ఎక్కడుంది?’ అని అడిగింది.

‘విడిగా లేదమ్మా. ఈ పుల్ల మీది నుంచి చెయ్యి తీస్తే అదే ఆగిపోతుంది.’

నమ్మినట్టు లేదు. కష్టపడి లేచి, గోడ పట్టుకుని గది అవతలి మూలకు వెళ్లి, నా వైపు తిరిగి నిలబడింది. ‘ఏదీ, నా దాకా వచ్చి ఆపు’ అంది.